ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి

ఎక్స్‌రే అత్తయ్య గురించి వీధిలో చాలామంది చాలా చెప్పారు. వదిన మాట పెడచెవిన పెట్టి తన పంతం నెగ్గించుకుందని కొందరన్నారు. మాట అర్థమైనా కానట్టు నటించిన గడుసుదని, మెచ్చుకుంటూనే, మరికొందరన్నారు. పూలతో వైద్యం చేసిందన్నవారూ ఉన్నారు. విచారిస్తే ఈ మూడింటికీ ఆధారం లేదు.

ఆమె ఉద్యోగమంతా ఆసుపత్రి ఎక్స్‌రే గదిలోనే గడిచింది. ఏ ఎముకనైనా ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీయనిదే రోగిని మంచం దిగనిచ్చేది కాదు. ముందు నుంచి చూస్తే నిక్షేపంలా కనిపించేది పక్క నుంచి చూస్తే విరిగి ఉండవచ్చు. పెళ్లి మాట తరువాత, ముందు పని నేర్చుకోనివ్వండని ఇంట్లో అందరితో పోట్లాడి ఆమెను ఆ చదువుకు పంపినది వదినే.

ఆ వదిన తోటలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. రిటైరైన ఆడపడుచు సంచి సర్దుకుని వచ్చేసింది. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ వదిన మంచం దిగలేదు. వాకర్ మీద తువ్వాళ్లు ఆరుతుండేవి. ఇలాగే ఉంటే ఇక నడవడం కష్టమని డాక్టరు హెచ్చరించినా ఆవిడకు చీమ కుట్టినట్టయినా లేదు. ఆడపడుచుకు మాత్రం అదే బెంగ.

ఇంతలో వసంతం వచ్చింది. వదిన గది కిటికీలోంచి కనిపించేది పక్కింటి గోడ ఒక్కటే.

"వదినా, డాలియాలు విరగబూశాయి. గులాబీలకైతే ఆకు కనపడటం లేదు."

"చూసేదెవరు? పూలన్నీ తీసెయ్. ఒక్కటి మిగల్చకు."

కోసి పారెయ్యమని వదిన ఉద్దేశం. ఎక్స్‌రే గదిలో బతికిన మనిషికి తీయడమంటే ఒకటే అర్థం. వదిన ఇన్నాళ్లకు ఒక కోరిక కోరిందని ఆమె పొంగిపోయింది. ఫోను, వెనక అడ్డం పెట్టడానికి నల్ల గొడుగు పట్టుకుని తోటలోకి దిగింది. గాలికి ఊగుతున్న గులాబీతో, "కదలకమ్మా, ఒక్క క్షణం," అంది.

గోడ అవతల నుంచి పక్కింటి మాస్టారు తల ఎత్తారు. "దాన్ని ఊపిరి కూడా బిగపట్టమంటారా అత్తయ్యగారూ?"

"మీరు బిగపట్టండి మాస్టారూ. మీ గాలికే ఊగుతోంది."

మధ్యాహ్నం చెమటలు తుడుచుకుంటూ గదిలోకి వచ్చింది. "తీసేశాను వదినా. ఒక్కటి వదల్లేదు."

వదిన ముఖం పాలిపోయింది. విసుగులో అన్న మాట నిజంగా చేస్తుందనుకోలేదు. "అన్నీ కోసేశావా?"

"కొయ్యడమేమిటి? తియ్యమన్నావుగా," అంటూ ఫోను చేతిలో పెట్టింది.

వదిన బొమ్మలు చూసింది, ఆమెను చూసింది, తుంటి నొప్పెట్టేదాకా నవ్వింది. "నా తల్లీ, తీసెయ్యమంటే ఫోటోలనుకున్నావా?"

"మరి? జన్మంతా నేను తీసింది ఇంకేముంది?"

వదిన ఒక్కొక్కటే జరుపుతూ, "పువ్వును పక్క నుంచి కూడా తీస్తారటే ఎవరైనా?" అంటూనే ఆగిపోయింది. ఎర్ర డాలియా ముందు నుంచి పళ్లెమంత నిండుగా ఉంది. పక్క నుంచి తీసిన దానిలో కాడ విల్లులా వంగి ఉంది, ఊతకర్ర మట్టిలో పడి ఉంది.

"ఇది సాయంత్రానికి విరుగుతుంది. నీకు కనపళ్లేదూ?"

"ఎముకైతే చెప్పేదాన్ని. ఉండు, కట్టేసి వస్తా."

"నువ్వు కడితే ఉరి బిగించినట్టు కడతావు. ఆ తువ్వాళ్లు తీసెయ్. దాన్ని ఇటు జరుపు."

ఈసారి ఏం తీయాలో ఆమె పొరబడలేదు.

వదిన వాకర్ పట్టుకుని వసారా దాటి, పళ్లు బిగించి తోటలోకి నడిచింది. పాత గుడ్డపీలికతో డాలియాను కర్రకు వదులుగా కట్టి, స్టూలు మీద కూలబడి చుట్టూ చూసింది. పూలన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

"నీ చదువు కోసం తిన్న తిట్లన్నీ ఇవాళ్టితో గిట్టుబాటయ్యాయే," అంది.

ఆడపడుచు, మంచం దగ్గర నుంచి తానే ఊపిరి బిగపట్టుకుని వచ్చిన సంగతి అప్పుడు గమనించి, వదిలింది.

ఇక నిజం. ఆమె వదిన మాట కాదనలేదు, ఎత్తు వేయలేదు, డాలియా వంగిందని ఆమెకు తెలియనే తెలియదు. ఒక మాటను తప్పుగా అర్థం చేసుకుని, ఆ తప్పు పనిని తనకు వచ్చినంత శ్రద్ధగా చేసింది. ప్రతి పువ్వునూ పక్క నుంచి కూడా తీసింది. ఆమె చేసినది ఇంతే. వదిన నడుస్తోంది.