కొబ్బరినీళ్లు తాగిన పత్తి

ఒక్క కొబ్బరికాయతో మా కార్ఖానాకు తాళం వేయించబోయిన మనిషిని నేను. చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే. అయినా చెబుతాను, మెల్లగా నవ్వండి.

కరీంనగర్‌లో మాది చిన్న కార్ఖానా. గ్యాస్ లీకైతే కూతపెట్టే డబ్బాలు, పత్తిలో తేమ ఎంతుందో చెప్పే మిషన్లు చేస్తాం. పనిచేసేది ముగ్గురు ఆడవాళ్లం, ఓనరు అన్వర్ భాయ్. ఆ ఏడు ఒక్క మిషన్ కూడా అమ్ముడుపోలేదు. చివరికి ఆదిలాబాద్‌లో పత్తి గింజలు తీసే ఒక జిన్నింగ్ మిల్లు సేటు చూస్తానన్నాడు. ఆయన కూడా వద్దంటే కార్ఖానా మూసేస్తానని భాయ్ ముందే చెప్పేశాడు. మిషన్ బిగించింది నేనే కాబట్టి నన్నూ వెంట తీసుకుపోయాడు.

మిల్లులో భాయ్ సేటును పిలవడానికి లోపలికి పోయాడు. బల్ల మీద కొత్త మిషన్, పక్కనే పరీక్షకు పెట్టిన పత్తి కుప్ప. పూజ చేయకుండా కొత్త మిషన్‌ను పనిలో ఎలా పెడతాం, మీరే చెప్పండి. సంచిలోంచి కొబ్బరికాయ తీసి బల్ల అంచుకు కొట్టాను. అది పగలలేదు, పేలింది. ఆరు నెలలుగా దాహంతో ఉన్నట్టు నీళ్లన్నీ పత్తే తాగేసింది. గబగబా పొడి పత్తిని పైకి కప్పి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాను.

భాయ్ వచ్చి మిషన్ సూదులు కుప్పలోకి గుచ్చాడు. ఎనిమిది శాతం తేమ రావాల్సిన చోట ముప్పై వచ్చింది. బ్యాటరీ మార్చాడు. మళ్లీ ముప్పై. పత్తి కన్నా ఎక్కువ తేమ భాయ్ నుదుటి మీద కనిపించింది.

"ఎండవెట్టిన పత్తి గిది. నీ మిషనే ఖరాబున్నది భాయ్, తీస్కపో," అన్నాడు సేటు.

భాయ్ మిషన్‌ను సంచిలో పెట్టబోయాడు. ఇక నోరు విప్పక తప్పలేదు.

"మిషన్ మంచిగనే ఉన్నది సేటూ, నేనే ఖరాబు. కొబ్బరికాయ కొట్టిన."

సేటు కుప్పలో చేయి పెట్టాడు. చిప్ప ముక్క ఒకటి బయటికొచ్చింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గీ పత్తి చేన్ల కొబ్బరి గూడ కాస్తదా చెల్లె?"

భాయ్ తల పట్టుకున్నాడు. సేటు మాత్రం నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

"పైన పొడి పత్తి కప్పినా లోపటి తడిని పట్టుకున్నది. నాకు గిసొంటిదే గావాలె. రెండు మిషన్లు రాస్కో భాయ్."

తిరుగు బస్సులో నిర్మల్ దాకా భాయ్ ఆర్డరు కాగితాన్నే మళ్లీ మళ్లీ చదువుకున్నాడు. తర్వాత మెల్లగా నా వైపు తిరిగాడు.

"రేపు ఇంకో మిల్లున్నది. జర కొబ్బరికాయ తెస్తవా?"

ఆ బస్సులోనే నా చేతిలో నేనే చేయి వేసుకుని ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో మిషన్‌కు పూజంటే నిమ్మకాయతోనే. అదీ కోయకుండా.