అద్దాల మహల్లో మహాదేవమ్మ

ఎమ్మిగనూరు జాతరకు అద్దాల మహల్ మొదటిసారి వచ్చిన ఏడు, మగ్గం నేసే భీమయ్య భార్య మహాదేవమ్మకు అందులో అద్దాలు తుడిచే పని దొరికింది. అది డెబ్బయ్యెనిమిదో సంవత్సరం. డేరా లోపల ఇరుకు దారులు, వాటికి రెండు వైపులా నిలువెత్తు అద్దాలు. అడుగు పెట్టిన మనిషికి ఎటు చూసినా తానే కనిపించేది. ఎదురుగా ఉన్నది దారో, అద్దంలో పడిన దారో తెలిసేది కాదు. జనం నవ్వుకుంటూ లోపలికి పోయి, నుదురు తడుముకుంటూ బయటికి వచ్చేవాళ్లు.

యజమాని లక్ష్మప్ప అద్దాల చట్రాల మీద బాణం గుర్తులు వేయించాడు. అవి అద్దాల్లో తిరగబడి కనిపించి, ఉన్న తికమకను ఇంకా పెంచాయి.

ఒక సాయంత్రం తుగ్గలి వైపు పల్లె నుంచి వచ్చిన ఉచ్చీరమ్మ అనే ముసలామె లోపలే కూలబడి ఏడుపు మొదలుపెట్టింది.

"యాడ సూసినా నేనే ఉండాను. నన్ను నేను యాడికని తోలుకపోయేది?"

మహాదేవమ్మ పరుగున పోయి పక్కన కూర్చుంది. "అవ్వా, కండ్లు మూసుకో. నా సెయ్యి పట్టుకో."

బయటికి వచ్చాక ముసలామె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంగోసారి పోదామా? ఈసారి నువ్వు సెయ్యి పట్టుకోవద్దు" అంది.

ఆ మాట మహాదేవమ్మను వదల్లేదు. ఇంటికి పోగానే భర్తతో చెప్పింది: "ఆడ కండ్లు మోసం జేస్తాయి. కాళ్లకు ఏదన్నా తగలల్ల. కింద పరిచేదానికి గరుగ్గా ఒక పట్టీ నేసియ్యి."

భీమయ్య నవ్వాడు గానీ, మిగిలిపోయిన ముతక నూలుకు గోనె దారం కలిపి జానెడు వెడల్పున నేసి ఇచ్చాడు. చెప్పులు బయటే విడిచి పోవాలన్నది మహల్లో ముందునుంచీ ఉన్న పద్ధతే.

పట్టీ చూసి లక్ష్మప్ప తల అడ్డంగా ఊపాడు. "దారి తెలిసిపోతే ఇంగెవరొస్తారక్కా? తప్పిపోయేదానికే గదా వచ్చేది!"

"తప్పిపోనీలేన్నా. బయటికి రాలేమని బయం పుడితే నవ్వెట్లొస్తుంది? సగం దాకా తప్పిపోనీ. ఆణ్ణుంచి పరుస్తాం."

లక్ష్మప్ప కళ్లు మూసుకుని పట్టీ వెంట తానే నడిచి చూశాడు. బయటికి వచ్చాక బాణాలు చెరిపేయమన్నాడు. ఆ రోజు నుంచి మహాదేవమ్మ పని వాకిలి దగ్గరికి మారింది. "దిక్కు తోసకుంటే నిలబడుకోండి. కాళ్లతో ఎతకండి" అని ప్రతి ఒక్కరికీ చెప్పేది. పట్టీ దొరికినవాళ్ల కేక లోపలి నుంచి వినిపిస్తే ఆమె ముఖం వెలిగిపోయేది.

మరుసటి ఏడు మహల్ ఆదోనికి పోతూ ఆమెను కూడా పిలుచుకుపోయింది. అక్కడ ఒకరోజు కూరగాయలకని బయల్దేరి, పత్తి మండీ వెనక సందుల్లో దారి తప్పింది. టీ అంగడి హుసేనమ్మ ఆమెను డేరా దాకా తెచ్చి వదిలి, "జనానికి దారి సూపించే అమ్మ ఈమేనా!" అని పగలబడి నవ్వింది. మహాదేవమ్మ ఆ సంగతి దాచుకోలేదు. వాకిట్లో బిత్తరపోయి నిలబడినవాళ్లకు అదే చెప్పి, నవ్వించి లోపలికి పంపేది.

ఎనభై నాలుగులో మహల్ బళ్లారి వైపు పోయింది. మోకాళ్ల నొప్పులతో ఆమె ఇంటి దగ్గరే ఉండిపోయింది. పాత పట్టీ అరిగిపోయిందని లక్ష్మప్ప కబురు పెడితే, భీమయ్య కొత్తది నేశాడు. దాన్ని వీధిలో పరిపించి, కళ్లు మూసుకుని మెల్లగా నడిచింది మహాదేవమ్మ. ఒక చోట ఆగింది.

"ఈడ మెత్తగా ఉంది. మల్లా నెయ్యి."

భీమయ్య పట్టీని చుట్టగా చుట్టి మగ్గం దగ్గరికి పోయాడు.