పంకజాక్షి వంటింటి లైసెన్సు

మొగుడు మునివెంకటప్ప నడుము విరిగి మంచాన పడ్డాకే పంకజాక్షి క్యారియర్లు కట్టడం మొదలుపెట్టింది. అతను చిత్తూరు బెల్లం మండీలో మూటలు ఎత్తేవాడు. లారీ మీద నుంచి వెనక్కి పడ్డాడు. కాళ్లు మళ్లీ స్వాధీనంలోకి రాలేదు. పిల్లలు లేరు. ఆఫీసు గుమాస్తాలు చాలామంది పెళ్లాం బిడ్డల్ని సొంత ఊళ్లలో వదిలిపెట్టి, మిట్టూరులో గదులు తీసుకుని ఉండేవాళ్లు. వాళ్లకు మధ్యాహ్నానికి అన్నం, పప్పు, ఒక కూర, రసం.

ఇల్లంటే ఒక గది, ముందు వసారా. గదిలో ఒక పక్క కట్టెల పొయ్యి, ఇంకో పక్క మునివెంకటప్ప మంచం. ఆమె కూరలు తరుగుతుంటే అతను మంచం మీద నుంచే మండీ సంగతులు చెప్పేవాడు. చెప్పినవే చెప్పేవాడు. ఆమె ఊఁ కొట్టేది. వింటోందో లేదో ఆమెకే తెలియదు గానీ, ఆ గొంతు నడుస్తున్నంతసేపూ చేతులు కూడా నడిచేవి.

రసం ఇత్తడి దబరలో కాచేది. ఆ ఎండాకాలానికి లోపలి తగరం కళాయి అరిగిపోయి అడుగున పచ్చగా ఇత్తడి బయటపడింది. కళాయి వేసే గౌస్ మొహిద్దీన్ కూతురి కాన్పుకని పలమనేరు వెళ్లి ఇంకా తిరిగి రాలేదు. సంతపేటలో ఇంకొకతను ఉన్నాడు. కానీ అంత బరువు దబర ఎత్తుకుని ఎండలో అంత దూరం పోవడానికి ఆమెకు ఓపిక లేకపోయింది. సాయిబు వచ్చాక చూద్దాంలే అనుకుంది.

ఒక రోజు కిరసనాయిలు ఇస్తున్నారంటే, పెందలాడే వంట ముగించి రేషను షాపు దగ్గర వరసలో నిలబడింది. పొద్దున కాచిన రసం ఆమె వచ్చేదాకా దబరలోనే ఉండిపోయింది. దాన్నే క్యారియర్లలో పోసి పంపింది.

సాయంత్రం కాకముందే ధనంజయ వచ్చాడు. ఖజానా ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తా. ముఖం పాలిపోయి ఉంది.

"అక్కా, ఈ పొద్దు రసంలో ఏమేసినావు? మా రూములో అందరికీ వాంతులు. సుబ్రమణ్యం సారుకు మరీ ఎక్కువైంది. పెద్దాసుపత్రికి తీసకపోయినారు."

అతను వెళ్లాక ఆమె దబర వెలుతురులోకి వంచి చూసింది. అంచున ఆకుపచ్చటి చిలుము పట్టి ఉంది. మిగిలిన రసం చుక్క నాలుక మీద వేసుకుంటే చిరుచేదుగా వగరు తగిలింది.

"ఏమైందే?" అన్నాడు మునివెంకటప్ప.

"కళాయి పోయిన దబర. తెలిసే కాచినాను," అంది.

ఆసుపత్రికి ఆమె ఉత్త చేతులతో వెళ్లింది. రోగిని చూడ్డానికి ఏదో ఒకటి వండి తీసుకెళ్లే అలవాటు. ఆ పూట తన చేతి వంట అన్న మాట ఎత్తడానికే నోరు రాలేదు. నడివయసు దాటిన సుబ్రమణ్యం సెలైను సీసా కింద కళ్లు మూసుకుని ఉన్నాడు. అలికిడికి తెరిచాడు.

"రసం వాసన తేడాగానే ఉండె పంకజాక్షమ్మా. ఆకలి మీద తాగేసినా," అన్నాడు.

ఆమె అట్నుంచటే ఇంటికి వచ్చేసింది.

మరునాడు ఆసుపత్రి కబురు మీద శానిటరీ ఇన్‌స్పెక్టరు గోవిందయ్య వచ్చాడు. తల నెరిసిన మనిషి. దబర చూశాడు, వాసన చూశాడు.

"కళాయి లేని ఇత్తట్లో పులుపు కాస్తారామ్మా ఎవురన్నా?"

"తప్పే సార్. తెలుసు."

"తెలిసి కూడా కాచినావా?"

"చేతగాక కాచినాను సార్."

ఆయన దబర కింద పెట్టాడు. "సుబ్రమణ్యం గారు కంప్లైంటు ఇయ్యనన్నారు. అందుకని వదిలేస్తా ఉండాను. కానీ లైసెన్సు లేకుండా ఇంక పొయ్యి వెలిగించొద్దు."

"ఇంట్లో వండేదానికి గూడా లైసెన్సా సార్?"

"మీరు తినేదానికైతే అక్కర్లేదు. అమ్మితే కావల్ల."

ఏమేం కావాలో చెప్పాడు. పాత్రలకు కళాయి, కిటికీకి జాలీ, వంటకాలకు మూతలు. వాకిట్లో మురుగు నీళ్లు నిలవకూడదు. వండే మనిషి అంటుజబ్బులు రాకుండా ఇంజెక్షను వేయించుకోవాలి. అంతలో ఆయన చూపు మంచం మీద ఆగింది.

"వండే తావులో మంచం ఉండకూడదమ్మా. ఎవురూ పండుకోకూడదు."

"ఆయప్ప కదల్లేడు సార్. యాడ పెట్టేది?"

"రూలు నేను రాసింది కాదమ్మా," అని ఆయన లేచాడు.

పొయ్యి ఆరిపోయిన ఆ రోజుల్లో పంకజాక్షి నిద్రే పోయింది. పగలూ నిద్రే. ఇన్నేళ్ల అలుపు ఒక్కసారిగా మీద పడ్డట్టుంది. లేచినప్పుడల్లా మంచం వైపు చూసి మళ్లీ పడుకునేది. చివరికి మునివెంకటప్పే అన్నాడు.

"నన్ను వసారాలో ఎయ్యి."

"చలికి, వానకీ ఆడెట్ల ఉంటావు?"

"గోనెపట్టా కట్టు. నువ్విట్ల పండుకునుంటే మనకు కూడు యాణ్ణించి వస్తాది?"

ఇరుగుపొరుగు వాళ్లు మంచం ఎత్తి బయట వేశారు. పలమనేరు నుంచి వచ్చిన గౌస్ మొహిద్దీన్ వాకిట్లోనే కొలిమి తిత్తి పెట్టి, పాత్రలన్నిటికీ తగరం పూసి తెల్లగా చేసిచ్చాడు. మునిసిపల్ ఆఫీసు చుట్టూ ఆమె చాలాసార్లు తిరిగింది. ఇంజెక్షనుకు చెయ్యి వాచింది. గోవిందయ్య ఇంకోసారి వచ్చి, వసారాలో మంచం చూసి, ఏమీ అనకుండా లోపలికి నడిచాడు. లైసెన్సు వచ్చింది.

ధనంజయ వాళ్లు మళ్లీ క్యారియర్లు పంపారు. సుబ్రమణ్యం పంపలేదు. రోడ్డు మీద కనిపిస్తే బాగున్నావా అని అడిగేవాడు, హోటల్లో తినేవాడు. ఆమె కూడా ఎందుకు రావడం లేదని ఎప్పుడూ అడగలేదు.

వసారాలోకి వచ్చాక మునివెంకటప్పకు దారిన పోయేవాళ్లంతా చుట్టాలయ్యారు. మండీ కూలీలు బీడీ కాలుస్తూ మంచం పట్టె మీద కూర్చునేవాళ్లు. పాత కథలకు కొత్త చెవులు దొరికాయి. లోపల గది మాత్రం నిశ్శబ్దమైపోయింది. కత్తిపీట చప్పుడు, ఎసరు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అదే పని, అదే గది, కానీ మధ్యాహ్నం ఎంతకీ అయ్యేది కాదు.

ఒకసారి బయట అందరూ గట్టిగా నవ్వారు. అందులో మునివెంకటప్ప గొంతే పెద్దగా వినిపించింది.

"ఏందంటా?" అని లోపల్నుంచే అడిగింది.

"ఏమీ ల్యా. నువ్వు పని చూసుకో," అన్నాడతను.

ఆమె పప్పు మీద మూత సరిగ్గా పెట్టి, కట్టెలు లోపలికి తోసింది.