రాని ఫోటో

అప్పట్లో నాకు పాతికేళ్లు. ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో మా మావయ్య స్టూడియోలో పనిచేసేవాణ్ణి. బీహార్‌లో భూకంపం వచ్చిన మర్నాడు, కూలిన ఇళ్ల ఫోటోలు తీయడానికి సహాయక బృందంతో ఒక పట్నం వెళ్లినాను.

అక్కడ ఒక తండ్రి, చనిపోయిన ఆరేళ్ల కూతురి మొహం తుడిచి, "బాబూ, దీని ఫోటో ఒక్కటీ లేదు, తియ్యండి" అని హిందీలో బతిమాలినాడు. తీసినాను. అడ్రసు రాసుకుని, పోస్టులో పంపుతానని మాటిచ్చినాను.

తిరిగొచ్చి ఫిల్ము కడిగితే ఆ రీలంతా ఖాళీ. హడావిడిలో సరిగ్గా ఎక్కించని ఫిల్ము కెమెరాలో తిరగనే లేదు.

"జరిగినదేటో సెప్పి ఉత్తరం రాసెయ్‌రా" అన్నాడు మావయ్య. రాయలేకపోయినాను.

ఏడాది తర్వాత, మళ్లీ కట్టిన ఇళ్లను తీయడానికి ఆ బృందం వాళ్లు నన్ను అదే ఊరు పంపినారు. కొత్త గోడకు సున్నం వేస్తున్న ఆ తండ్రి నన్ను గుర్తుపట్టి, చేతులు తుడుచుకుని ఫోటో కోసం చాపినాడు. తలవంచుకుని నిజం చెప్పినాను. కొడతాడనుకున్నాను.

ఆయన భార్యను పిలిచి, "ఆ రోజు ఈమె దెబ్బలు తగిలి ఆస్పత్రిలో ఉంది. పిల్లను ఆఖరిసారి చూసుకోలేదు. చెప్పడానికి నాకు నోరు రాలేదు. మీరు చూశారుగా, ఎలా ఉందో చెప్పండి" అన్నాడు.

నిద్రపోతున్నట్టే ఉందన్నాను. ఒక జడకు ఎర్ర రిబ్బను, ఇంకో జడకు పచ్చది ఉన్నాయన్నాను.

"నేను కట్టినవే" అందామె ఏడుస్తూ.

ఆ తర్వాత రీలు తిరుగుతోందో లేదో చూసుకోకుండా ఏ ఫోటోనూ తీయలేదు. కానీ ఏడాది పొడుగునా ఆ తల్లి పోస్టుమాన్ కోసం ఎదురుచూసి ఉంటుందన్న బాధ ఈనాటికీ నన్ను వదల్లేదు.