శనివారం పడ్డ సెలవు

అమెరికాలో, పార్సిప్పనీ ఆఫీసులో నా పక్క సీటు ఆయనది. గంటల లెక్కన జీతం తీసుకునే కన్సల్టెంట్. కొత్త క్యాలెండర్ రాగానే మేమంతా సెలవులు సోమవారాలు పడ్డాయా అని చూసేవాళ్లం. ఆయన మాత్రం శనాదివారాల్లో పడాలని వేలు పెట్టి వెతికేవాడు. ఆఫీసు మూస్తే ఆయనకు ఆ రోజు జీతం రాదు.

ఒక ఏడు జూలై నాలుగు, అక్కడి స్వాతంత్ర్య దినం, శనివారం వచ్చింది. "హమ్మయ్య, ఈసారి నా డే పోదు తమ్ముడూ!" అన్నాడు. తీరా, బదులుగా శుక్రవారం ఆఫీసు మూస్తున్నామని మెయిల్ వచ్చింది.

"పండగ శనివారమైతే శుక్రవారం నా డే ఎందుకు కట్ చేస్తారయ్యా?" అని నన్ను నిలదీశాడు.

ఇప్పుడు మేనేజర్‌గా ఆ మెయిల్ పంపేది నేనే. 'లాంగ్ వీకెండ్ ఎంజాయ్ చేయండి' అన్న చివరి వాక్యం మాత్రం చెరిపేస్తాను. నాకు చేతనైంది అంతే.