తొమ్మిది తెల్ల గీతలు

నా చిన్నప్పుడు మా జమ్మలమడుగు ఇంట్లో మసిబట్టిన వంటగది గోడ మీద నేను తొమ్మిది అబద్ధాలు గీశాను. రాయలేదు, గీశాను. తడి సున్నంలో వేలు ముంచి, జానెడు పొడవున, వరస తప్పకుండా గీశాను. గీతలు ముత్యాల్లా వచ్చాయని అప్పుడు మురిసిపోయాను కూడా. ఆ ముత్యాలకు మా అవ్వ ప్రాణం పోవలసింది.

అప్పటికి నాకు పదేళ్లు. మాది పౌరోహిత్యం చేసుకునే ఇల్లు. ఆ జ్యేష్ఠమాసంలో అమ్మ పురిటికని ప్రొద్దుటూరులో పుట్టింటికి వెళ్లింది. నాన్న పులివెందుల వైపు ఒక పెళ్లి చేయించడానికి వెళ్తూ, మూడు రోజులకు గానీ రానని చెప్పాడు. ఇంట్లో నేనూ, నాన్నను కన్న అవ్వా మిగిలాము. అవ్వ మడి మనిషి. ఎండాకాలం పెన్న ఎండిపోతే ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు తానే తోడి తెచ్చుకునేది. దారిలో ఎవరి కొంగు తగిలినా బిందె ఒలకబోసి మళ్లీ వెళ్లేది. తాతయ్య పోయినప్పటి నుంచి ఏకాదశి నాడు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. నోటికి మాత్రం ఉపవాసం లేదు లెండి. ఆ రోజు నాకు పడే తిట్లు రెండింతలు.

దశమి సాయంత్రం అవ్వకు వాంతులు, బేదులు పట్టుకున్నాయి. లంఖణం పరమౌషధం అని ఏమీ పుచ్చుకోకుండా, వంటగది గోడకు ఎదురుగా మంచం వేయించుకుని పడుకుంది. తెల్లారేసరికి కళ్లు లోపలికి పోయాయి, మాట కీచుగా వస్తోంది. సేద్యం చేసుకునే ఎదురింటి మామ గడప దగ్గర నిలబడి చూశాడు. "ఇది వాము నీళ్లతో పొయ్యేది గాదు పాపా" అని, వెనక వీధిలో ఉండే ఆసుపత్రి నర్సమ్మను పిలుచుకొచ్చాడు.

నర్సమ్మ కిరస్తానీ. నల్లగా, పొట్టిగా, నిదానంగా ఉండేది. ఆసుపత్రికి రమ్మంటే అవ్వ ససేమిరా అంది. ఎవరెవరో పడుకున్న మంచం మీద పడుకుని, ఎవరెవరో ముట్టిన నీళ్లు తాగి బతకడం కంటే ఇక్కడే పోవడం మేలంది. నర్సమ్మ వాదించలేదు. గడప కూడా దాటలేదు. నన్ను అరుగు మీదికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

ఆ కాలంలో ఇప్పటిలా నీళ్లలో కలుపుకునే పొట్లాలు మా ఊళ్లో లేవు. కాచి చల్లార్చిన చెంబెడు నీళ్లలో నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పు, పిడికెడు చక్కెర వెయ్యమంది. "ఒంట్లోంచి పోయిన నీళ్లు పోయినట్టే మళ్లా లోపలికి పోవల్ల. ఆ నీళ్లు, ఆ ఉప్పు లేక చస్తారు పాపా మనుషులు, బేదులతో గాదు" అంది. తర్వాత నాకొక పని అప్పగించింది. అవ్వ ఒక గ్లాసు తాగితే గోడ మీద సున్నంతో ఒక తెల్ల గీత. వాంతి చేసుకున్నా, రెంటికి పోయినా ఎర్రమన్నుతో ఒక ఎర్ర గీత. ఒంటికి పోతే ఒక ఎర్ర చుక్క. కాగితం మీద రాస్తానన్నాను, నాకు చదువొచ్చని తెలియాలి కదా! "కాగితం గాలికి పోతాది. గోడ యాడికీ పోదు" అని నవ్వి, మధ్యాహ్నం వస్తానని చెప్పి డ్యూటీకి వెళ్లిపోయింది.

స్నానం చేసి, తడిబట్టతోనే నీళ్లు కాచి, అన్నీ చెప్పినట్టే కలిపి గ్లాసు తీసుకెళ్లాను. అవ్వ తల అడ్డంగా ఊపింది. "ఈ పొద్దు ఏకాదశి గదే అమ్మీ."

ఆ సంగతి నర్సమ్మతో ఎందుకు చెప్పలేదని అడిగాను. పాపం, పిలవగానే వచ్చిన మనిషి మనసు కష్టపెట్టడం ఎందుకంది. తర్వాత మెల్లగా ఉపాయం చెప్పింది. "ఆ నీళ్లు తులసమ్మకు పొయ్యి. గీత గీసెయ్యి. ఆయమ్మకు తృప్తి, నాకు వ్రతం." నాకు అది అబద్ధంగా తోచలేదు. పెద్దలు చెప్పింది, అదీ దేవుడి కోసం. ఒక్కో గ్లాసు నింపడం, పెరట్లో తులసికోటలో పోయడం, వచ్చి గీత గీయడం. ఎర్ర గీతలు మాత్రం నిజంగానే గీశాను. మధ్యాహ్నానికి అవి అయిదు, తెల్లవి తొమ్మిది. అవ్వ అంతకంతకూ మాట్లాడడం తగ్గించింది. తిట్లు కూడా లేవు. ఏకాదశి నాడు అవ్వ నన్ను తిట్టలేదంటేనే నాకు అర్థం కావలసింది.

మిట్టమధ్యాహ్నం నర్సమ్మ వచ్చి ముందు పెరటి గడప బయటి నుంచే గోడ చూసింది. తెల్ల గీతలు లెక్కపెట్టి నన్ను మెచ్చుకుంది. మళ్లీ కింద నుంచి పైదాకా దేనికోసమో వెతికింది.

"చుక్క యాడ పాపా? తొమ్మిది గ్లాసులు తాగి, ఒక్కసారన్నా ఒంటికి పోలేదా?"

పోలేదన్నాను. చుక్కల విషయంలో అవ్వ నాకేమీ చెప్పలేదు కాబట్టి నిజమే చెప్పాను. నర్సమ్మ వెనక్కి తిరిగి పెరట్లోకి చూసింది. జ్యేష్ఠమాసపు ఎండలో ఊరంతా మాడుతుంటే మా తులసికోట ఒక్కటే వరిమడిలా నిండి పొర్లుతోంది.

"తులసమ్మకు బేదులు పట్టేట్టుండాయే. ఇన్ని నీళ్లు తాగితే ఎట్లా?" అంది.

నర్సమ్మ చెప్పులు విడిచి, మొదటిసారి గడప దాటి నేరుగా అవ్వ మంచం దగ్గరికి వెళ్లింది. తాకద్దంటూ అవ్వ చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

"బతికినాక తలస్నానం చేద్దువులే అవ్వా" అంటూ ఆ చేతి మీది చర్మాన్ని రెండు వేళ్లతో పైకి లాగి వదిలింది. అది వెనక్కి పోలేదు. నలిగిన గుడ్డ మడతలా అలాగే నిలబడింది. నాలుక చాపమంటే అట్టముక్కలా ఉంది. నేను బావురుమన్నాను. నేనేమీ చెప్పకముందే అవ్వ, "పాపనేమీ అనద్దు. నేనే చెప్పినాను. ఏకాదశి" అంది.

నర్సమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఆమె గొంతు పెంచలేదు, అందుకే నాకు మరింత భయమేసింది. "నీ ఏకాదశిని నేనేమీ అననవ్వా. మాకూ ఉపవాసాలుండాయి. కానీ నువ్వు నోరు కట్టుకోని, ఈ బిడ్డ చేత తొమ్మిది అబద్ధాలు ఆడించినావు. అది ఏ ఉపవాసమో నాకు తెలీదు."

నేను సిగ్గుతో తడిగుడ్డ తెచ్చి గోడ తుడవబోయాను. నర్సమ్మ నా చెయ్యి పట్టుకుంది. "తుడిచేది ఎందుకు? మీ అవ్వ తాగితే అవే నిజమైతాయి. దీపాలు పెట్టే వేళకు మళ్లా వస్తా. అప్పటికి ఎర్ర చుక్క పడిందా, సరే. పడకపోతే బండి కట్టించి ఆసుపత్రికి తీసకపోయి, నరానికి సూదేసి నీళ్లెక్కిస్తాం. ఇంక నేనెవరి మాటా వినను."

అవ్వ గోడ వైపు తిరిగి ఆ తొమ్మిది గీతలనూ చూస్తూ పడుకుంది. నా మనవరాలి చేత, నా మనవరాలి చేత అని రెండుసార్లు గొణుక్కుంది. తర్వాత నన్ను పిలిచింది. "ఉప్పు మార్చు. సైంధవ లవణం వెయ్యి. దేవుడి దగ్గరుండే ఉద్ధరిణి తే. తీర్థం మాదిరి పుచ్చుకుంటే ఏకాదశికి దోషం లేదు." చావు గడప దాకా వచ్చినా ఉప్పు మార్చాలట! నర్సమ్మకు నవ్వాగలేదు. "మేం చెప్పేదీ అదే గదవ్వా. గటగటా తాగితే కక్కుతావు. చెంచా చెంచా పోసుకుంటే నిలబడతాది" అని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమంతా నేను ఉద్ధరిణితో అవ్వ నోట్లో నీళ్లు పోశాను. కేశవా అని ఒకటి, నారాయణా అని ఒకటి, మాధవా అని ఒకటి. ఇరవై నాలుగు నామాలు పూర్తయ్యేసరికి గ్లాసు సగానికి దిగేది. మళ్లీ కేశవా దగ్గర మొదలు. రెండుసార్లు వాంతి అయింది. రెండు ఎర్ర గీతలు గీసి, కాసేపు ఆగి, మళ్లీ పోశాను. ఒక్కో గ్లాసు పూర్తయినప్పుడు పాత గీత అడుగున చిన్న అడ్డగీత పెట్టి అది నిజమైందని గుర్తు చేసుకున్నాను.

పొద్దు వాలేసరికి అయిదు గీతలు నిజమయ్యాయి. నాలుగు మిగిలాయి. చుక్క లేదు. వీధిలో ఎదురింటి మామ ఎద్దులను బండికి కడుతున్న చప్పుడు వినిపించింది. నర్సమ్మ ముందే చెప్పి పోయినట్టుంది. అవ్వకూ వినిపించింది. ఆమె కళ్లలో నేనెప్పుడూ చూడని భయం కనిపించింది. "బండి వద్దే అమ్మీ" అంది. అంతే అంది. ఏం చెయ్యమనీ అడగలేదు.

ఎర్రమన్ను గిన్నె నా పక్కనే ఉంది. ఒక్క చుక్క చాలు, కందిగింజంత. అది పడితే అవ్వ ఇంట్లోనే ఉంటుంది, మడి చెడదు, నా మీద ప్రేమా పోదు. వేలు గిన్నెలో పెట్టాను కూడా. పైకి తీసేసరికి చీకటి పడుతున్న ఆ గదిలో అవ్వ చెయ్యి కనిపించింది. నర్సమ్మ చేసినట్టే చర్మం లాగి వదిలాను. ఇంకా నిలబడే ఉంది. చుక్క పెడితే గోడ నమ్ముతుంది, నర్సమ్మా నమ్మవచ్చు. అవ్వ ఒంట్లో లేని నీళ్లు మాత్రం నా చుక్కను చూసి రావు. వేలిని పావడాకు తుడుచుకున్నాను. ఆ మరక తర్వాత ఎన్ని ఉతుకులకూ పోలేదు.

నర్సమ్మ రాగానే ఎదురెళ్లి చెప్పేశాను. "అయిదు నిజం. నాలుగు అబద్ధం. చుక్క లేదు."

అవ్వ నా వైపు చూసి, "నన్ను బండెక్కించినావు గదే" అంది. దారి పొడుగునా ముఖం అటు తిప్పుకునే ఉంది. ఆ బండిలో నేను ఏడ్చినంత ఏడుపు, ఆ తర్వాత నా సొంత కష్టాలకు కూడా ఏడవలేదు.

ఆసుపత్రిలో అవ్వ మంచం పక్కన సీసా వేలాడదీసి నరంలోకి ఉప్పునీళ్లు ఎక్కించారు. నేను వరండాలో మామ తువ్వాలు పరుచుకుని పడుకున్నాను. తెల్లవారుజామున ఎవరో భుజం తట్టారు. నర్సమ్మ. "లే పాపా. మీ అవ్వ ఒంటికి పోయింది. ఊరికే గాదు, శానా పోయింది!" మనిషి ఒంటికి పోయిందని తెలిసి ఇద్దరు ఆడవాళ్లు కావలించుకుని నవ్వడం లోకంలో ఎక్కడైనా ఉంటుందో లేదో గానీ, మేం నవ్వాం. నేను ఇంటికి పరుగెత్తుకెళ్లి గోడ మీద రూపాయి బిళ్లంత ఎర్ర చుక్క పెట్టి వచ్చాను.

అది ద్వాదశి, పారణ నాడు. ఇంకా ఎన్ని మిగిలాయే అని అవ్వ నన్నడిగింది. నాలుగన్నాను. ఆ నాలుగు గ్లాసులూ నర్సమ్మ కాచి తెచ్చి, తన చేత్తోనే ఇచ్చింది. అవ్వ చూసింది. చూడనట్టు తాగేసింది. "పోయి అడ్డగీతలు పెట్టెయ్యి, ఇంక నీ గోడ మీద అబద్ధం లేదు" అంది నాతో.

నాన్న వచ్చి విని, తిట్టాలో మెచ్చుకోవాలో తెలియక పంచాంగం తీసుకు కూర్చున్నాడు. అవ్వ ఇంటికొచ్చి తలస్నానమూ చేసింది, పంచగవ్యమూ పుచ్చుకుంది. ఉప్పునీళ్లకు తులసి వారంలో ఎండిపోతే కొత్తది నాటుకుని, పాతదాన్ని నా మనవరాలు చంపిందని వీధంతా చెప్పుకుంది. తర్వాత పండగకు సున్నం కొట్టినప్పుడు గీతలన్నీ కలిసిపోయాయి.

నేను నర్సును కాలేదు. అంత ధైర్యం అప్పట్లో మా ఇంట్లో లేదు. ప్రొద్దుటూరులో పంతులమ్మనయ్యాను. అవ్వ చివరి రోజుల్లో మా ఇంట్లోనే ఉంది. ముసలితనానికి తోడు కాళ్లకు నీరు పట్టింది. చూడడానికి వచ్చినవాళ్లంతా, నీకేమవ్వా, రెండు రోజుల్లో లేచి తిరుగుతావు అనేవారు. అందరికీ తల ఊపేది. వాళ్లు వెళ్లాక ఒక సాయంత్రం నన్ను దగ్గరికి పిలిచి అడిగింది.

"గోడ ఏమంటాంది అమ్మీ?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. "నిన్నటి నుంచి చుక్క లేదవ్వా" అన్నాను.

అవ్వ నా చేతి మీద చెయ్యి వేసింది. "నువ్వు చెప్తే నిజమే. ఆ పొద్దు బండెక్కించింది నువ్వే గదా" అంది. కోపమేమీ లేదు. ఉద్ధరిణి తెమ్మంది. కేశవా, నారాయణా, మాధవా అని మూడుసార్లు పుచ్చుకుంది.

ఇప్పుడు నాకూ అవ్వ వయసు వచ్చింది. ఇంట్లో ఎవరికి కడుపు చెడినా ఒక కాగితం తీసి గీతలు గీస్తాను, పిల్లలు నవ్వుతారు. నవ్వుకోనీ. ఖాళీ గ్లాసు చూసి మాత్రం నేను గీత గీయను. ఆ నీళ్లు గొంతు దిగడం నా కళ్లతో చూశాకే గీస్తాను.