కాటారం బస్సులో కావ్యం

కండక్టరు దానియేలుకు ఒకటే పిచ్చి. లోకంలో ఎవరికి ఏ కష్టం వచ్చినా, దాన్ని ఐదువందల ఏళ్ల కిందటే ఎవరో కవి రాసి పెట్టాడని నమ్మేవాడు. నమ్మి ఊరుకుంటే ఫరవాలేదు. టికెట్ల సంచిలోంచి అట్ట ఊడిన పాత కావ్యం తీసి, పేజీ తిప్పి, బస్సంతా వినబడేలా చదివేవాడు!

కాటారం నుంచి భూపాలపల్లికి ఆ బస్సు నడిపే బిక్షానికి నాలుగేళ్లుగా ఇదే గోల. విజిల్ వినబడాల్సిన చోట పద్యం వినబడేది.

ఒకరోజు రెండు కోళ్లను చంకన పెట్టుకుని అంజమ్మ ఎక్కింది. "కోడలు మాట్లాడుతలేదు నాయినా, వారమాయె," అంది.

దానియేలు కళ్లు మెరిశాయి. "ఆగవ్వా! గిది ఇను! నీ ముచ్చటే రాసిండు!"

పద్యం చదివి అర్థం చెప్పాడు. అందులో ఒక అత్త, అలిగిన కోడలికి వినబడాలని, అన్నం చల్లారిపోతోందంటూ గోడతో చెబుతుంది.

అంజమ్మ నోరు తెరిచింది. "మా ఇంట్ల గోడ ముచ్చట గా కవికి ఎవలు చెప్పిండ్రు? ఇంకోపాలి సదువు!"

మళ్లీ చదివేసరికి ఆమె దిగాల్సిన ఊరు రెండు కిలోమీటర్లు వెనకబడింది. బిక్షం బ్రేకు వేసి వెనక్కి తిరిగాడు.

"రాజులు పోయిండ్రు, ఏనుగులు పోయినయ్. గా పాత పుస్తకం ఇంక ఎందుకే అన్నా?"

"రాజులు పోయిండ్రు తమ్మీ, అలకలు పోలే గదా!"

ఆ మాట తనకే తగిలినట్టు బిక్షం విసురుగా గేరు మార్చాడు. ఆయన కూతురు శ్వేత మూడు నెలల కిందట జనగామలో బస్సు డ్రైవరుగా చేరింది. "ఆడపిల్లకు స్టీరింగ్ ఏంది?" అని అరిచి ఆయన మాటలు బంద్ పెట్టాడు. అప్పటినుంచీ జనగామ వైపు నుంచి వచ్చిన డ్రైవరు ఎవరు కనబడ్డా "అటు రోడ్డెట్లుంది?" అని అడగడం మాత్రం మానలేదు.

ఆ మధ్యాహ్నం భూపాలపల్లిలో టీ తాగుతుండగా దానియేలు మళ్లీ పుస్తకం తెరిచాడు. ఈసారి పద్యంలో ఓ కూతురు తండ్రి మాట వినకుండా ఏరు దాటి వెళ్లిపోయింది. పంతం పట్టిన తండ్రి ఆమె పేరెత్తడు. కానీ అటునుంచి వచ్చిన ప్రతి బాటసారినీ ఆపి "ఏట్లో నీళ్లెంత?" అని అడుగుతాడు!

బిక్షం టీ గ్లాసు బల్లమీద పెట్టేశాడు. "తెరువంగనే గిట్ల ఎట్ల దొరుకుతయే నీకు?"

"అంతా కవి మహిమ!" అంటూ దానియేలు పుస్తకం బల్లమీద వదిలి గ్లాసులివ్వడానికి లేచాడు.

గాలికి పేజీలు లేచాయి. పేజీ పేజీకీ ఓ చీటీ, దానిమీద పెన్సిలు రాత. "అంజమ్మ, కోడలు. వారం అంగడి నాటికి పద్యం దొరకాలె." ఇంకా ముందుకు తిప్పితే "బిక్షం, శ్వేత" అని పద్దెనిమిది చీటీలు! పదిహేడింటిని కొట్టేశాడు. ఒకదాని మీద "గిది సాలది", మరోదాని మీద "గిది ఇంటె నన్ను కొడతడు". చివరి చీటీ మీద మాత్రం పెద్దక్షరాలతో "దొరికింది!"

బిక్షం ఏమీ ఎరగనట్టు పుస్తకం మూసి, ఇంకో టీ చెప్పాడు, దానియేలుకు.

వారపు సెలవు రాగానే జనగామ వెళ్లి, దేవరుప్పుల బస్సులో సరిగ్గా డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు. శ్వేత అద్దంలో చూసి, బస్సు కదిలించింది. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు నేలను గట్టిగా తొక్కుతూనే ఉంది. దేవరుప్పులలో ఇంజను ఆపి ఆమె వెనక్కి తిరిగింది.

"బాపూ, అన్ని బ్రేకులు నువ్వే ఏసినవ్. కాలు నొస్తలేదా?"

"నొస్తుంది బిడ్డా," అన్నాడు బిక్షం. "గని స్టీరింగ్ మాత్రం నువ్వే మంచిగ తిప్పినవ్."